ప్రోటీన్–పాలిసాకరైడ్ కాంజుగేట్ గారికి నల్లగొండ నుంచి బహిరంగ లేఖ

ప్రోటీన్‌కు పాలిసాకరైడ్ అనే పొడవాటి చక్కెర గొలుసును అతికిస్తే పుట్టే మహారాజశ్రీ ప్రోటీన్–పాలిసాకరైడ్ కాంజుగేట్ గారి సముఖమునకు, నల్లగొండ నుంచి ఒక ఫుడ్ టెక్నాలజీ పరిశోధకుడు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. తమరు మాత్రం ఈ మధ్యాహ్నం డెసికేటర్ అనే మూత బిగించిన గాజుపాత్ర తెరిచేసరికి గోధుమరంగు గడ్డకట్టి, మాడిన కోవా వాసనతో దర్శనమిచ్చారు. స్పాచులాతో పెకిలించి నీళ్లలో వేస్తే, పొద్దుగూకినా కరగకుండా బీకరు అడుగున భీష్మించుకుని కూర్చున్నారు. నూనెను నీళ్లలో నిలబెట్టవలసిన తమరే నీళ్లలో కలవనంటే, బత్తాయి తొక్కనూనెతో పానీయం చేయిస్తామని ఆశపడి వచ్చిన రైతులకు నేనేమని చెప్పుకోవాలి?

తమ ప్రతిభను శంకించడం లేదు. పాల విరుగుడు ప్రోటీన్ ఒంటరిగా నూనె బిందువును చుట్టుకున్నప్పుడు, పి.హెచ్. 5 దాపులకు రాగానే దాని విద్యుదావేశం హరించుకుపోయి బిందువులు ఒకదాన్నొకటి అంటుకుంటాయి. తమరైతే ప్రోటీన్ భాగంతో నూనెను పట్టుకుని, పాలిసాకరైడ్ గొలుసును నీళ్లలోకి పరిచి, అరుగు మీద కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్న పెద్దమ్మలాగా పక్క బిందువును దగ్గరికి రానివ్వరు. విద్యుదావేశం మీద ఆధారపడిన కాపలా కాదు కనుక పులుపుకూ ఉప్పుకూ అంత తేలికగా లొంగరు.

అయితే తమరు తయారయ్యే తీరు మాత్రం పగవాడికి కూడా వద్దు. ఫ్రెంచి శాస్త్రవేత్త మైలార్డ్ 1912లో వివరించిన, వేడికి ప్రోటీన్‌తో చక్కెర కలిసే చర్యే కదా, రొట్టె కాలినప్పుడు జరిగేదే కదా అనుకుని దిగితే, ప్రోటీన్‌నూ డెక్స్‌ట్రాన్ అనే పాలిసాకరైడ్‌నూ నీళ్లలో కలిపి, గడ్డకట్టించి ఆరబెట్టి, తేమ నిలకడగా ఉండటానికి ఆ పొడి కింద పొటాషియం బ్రోమైడ్ సంతృప్త ద్రావణం ఉంచి, 60 డిగ్రీల వేడీ 79 శాతం తేమా తప్పకుండా రోజులు, ఒక్కోసారి వారాలు, కనిపెట్టుకుని ఉండాలి. నడుమ కరెంటు పోయిందంటే ఆ లెక్క దేవుడికే తెలియాలి. డెక్స్‌ట్రాన్ గొలుసు ఎంత పొడవైనా ప్రోటీన్‌లోని లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని అందుకోగల కొస దానికి ఒక్కటే ఉంటుంది కనుక ఆలస్యం తప్పదని ఒప్పుకుంటాను. కానీ ముందు దించితే కలవరు, కాస్త ఆలస్యంగా దించితే మాడతారు. ఆ రెంటి మధ్యనున్న శుభఘడియను ప్రతి కొత్త ప్రోటీన్‌తోనూ మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. నీళ్లలోనే వేడిచేసి తొందరగా ముగిద్దామంటే చర్య మందగిస్తుంది, ప్రోటీన్ ముందే విరిగి ముద్దలు కడుతుంది. పోనీ ఏ మేరకు తయారయ్యారో చూద్దామని అణువులను పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ మీద పరుగెత్తిస్తే, అందరిలా గీతగా కనబడక పైనెక్కడో మరకగా తేలతారు. తమరి ఖరీదు గురించి లేఖలో రాయడం మర్యాద కాదు.

అసలు ఇక మర్యాద ఎందుకు? నువ్వు చేసే పనిని సూడాన్‌లో ఒక తుమ్మజాతి చెట్టు ఓవెన్ లేకుండా, కరెంటు లేకుండా, బెరడుకు గాటు పెడితే చాలు కార్చి ఇస్తోంది. గమ్ అరబిక్ అనే ఆ బంకలో సుమారు 2 శాతం ప్రోటీన్ పాలిసాకరైడ్‌కు పుట్టుకతోనే అతుక్కుని ఉంటుంది. శీతల పానీయాల వాళ్లు ఏళ్ల తరబడి దాన్నే నమ్ముకున్నారు. నువ్వేమో పరిశోధన పత్రాల్లో మహాద్భుతానివి. ఒక బస్తా కావాలని ఫ్యాక్టరీవాడు అడిగితే మాత్రం జాడే ఉండదు!

వదిలేద్దామంటే ప్రాణం ఒప్పడం లేదు. ఆ బంకను నూనెకు ఇంచుమించు సమాన బరువులో పోస్తే తప్ప పని జరగదు. నువ్వు కుదిరిన రోజున అందులో చిన్న వంతుతోనే బిందువులను నిలబెడతావు. కనుక రేపు డెక్స్‌ట్రాన్‌కు బదులు, పిండిపదార్థాన్ని ముక్కలు చేసి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్‌తో పెడుతున్నాను. దాని గొలుసులు పొట్టివి, కొసలు ఎక్కువ, కనుక త్వరగా కలుస్తావు. రంగు కూడా త్వరగానే ఎక్కుతుందని తెలుసు. అందుకే రోజూ చిటికెడు తీసి నీళ్లలో వేసి చూస్తాను. కరగలేదో, మిగిలిన పొడినంతా చెత్తబుట్టలో పోసి సూడాన్ బంకకు ఆర్డరు పెట్టేస్తాను.

ఇట్లు,
విధేయుడనని రాయడానికి మనసొప్పని పరిశోధకుడు,
నల్లగొండ