రైబోజోమ్ ప్రోటీన్లు ఉత్త ఇటుకలేనా?

“రైబోజోమ్ ప్రోటీన్లు గోడలో ఇటుకల్లాంటివి. ఒకటి చెడితే మొక్క గిడసబారుతుంది, అంతే. ఆకు ఆకారంతో, హార్మోన్లతో వాటికి పని లేదు.” బాగా షేర్ అవుతున్న మాట ఇది. ప్రోటీన్లు తయారుచేసే యంత్రం కుంటుపడితే ఎదుగుదల మందగించడం నిజమే కాబట్టి వినగానే సబబుగానే అనిపిస్తుంది. నాకూ ఒకప్పుడు అనిపించింది.

ముందు “గిడసబారుతుంది, అంతే” సంగతి. వేగం తగ్గడమే జరిగితే ఆకు చిన్నదవ్వాలి గానీ రూపు మారకూడదు. అరబిడాప్సిస్‌లో (ప్రయోగశాలల్లో విరివిగా వాడే ఒక చిన్న మొక్క) ఎస్18 అనే రైబోజోమ్ ప్రోటీన్‌కు మూడు జన్యువులున్నాయి. వాటిలో ఒక్కటి దెబ్బతింటేనే మొదటి ఆకులు సన్నగా, కొనదేలి వస్తాయని 1994లోనే తేలింది. ఇంకా చిత్రమైనది ఒకటుంది. ఆకు రూపును తీర్చే ఏఎస్1 జన్యువు పనిచేయని మొక్కలో ఎల్5 లేదా ఎల్9 అనే రైబోజోమ్ ప్రోటీన్ జన్యువు కూడా చెడితే, ఆకు పైభాగాన ఆకులాంటి రేకులే మొలుస్తాయి. నెమ్మదిగా పెరిగే మొక్కకు ఆకు మీద ఆకు వేసే పనేమిటి?

“ఒక కాపీ పోతే ఇంకోటి ఉందిగా, అవి స్పేర్ పార్టులు” అనేది రెండో వాదన. 80 రకాల పైచిలుకు ప్రోటీన్లకు దాదాపు 250 జన్యువులున్న మాట నిజమే. వాటిలో ఎల్23ఎ అనే ప్రోటీన్ జన్యువు రెండు కాపీలూ ఒకే పని చేయగలవు కూడా. అయినా ఒకటి పోతే ఆకుల రూపు చెడుతుంది, రెండోది పోతే పైకి ఏమీ కనపడదు. పని ఒకటే అయినా, ఏ కాపీ నుంచి ఎంత ప్రోటీన్ వస్తుందన్నది ఒకటి కాదు. స్పేర్ అనే మాటకు ఇక్కడ సగం మార్కులు ఇవ్వొచ్చు.

అసలు తప్పు హార్మోన్ల దగ్గరుంది. జన్యువు నుంచి రైబోజోమ్‌కు ప్రోటీన్ తయారీ సమాచారం మోసే అణువులు ఎంఆర్‌ఎన్‌ఏలు. వాటిలో కొన్నింట్లో అసలు సందేశానికి ముందు ఒకటో అంతకన్నా ఎక్కువో చిట్టి సందేశాలుంటాయి. రైబోజోమ్ వాటిని చదివేసి, చాలాసార్లు అక్కడితోనే విడిపోతుంది. విడిపోకుండా ముందుకెళ్లి అసలు సందేశాన్ని మళ్లీ మొదలుపెట్టడానికి ఎల్24 ప్రోటీన్ సాయపడుతుంది. ఆక్సిన్ అనే మొక్కల హార్మోన్‌కు స్పందించే జన్యువులను నియంత్రించే ఎట్టిన్, మోనోప్టెరాస్ ప్రోటీన్ల సందేశాలు సరిగ్గా ఇలాంటివే. ఎల్24 కాపీల్లో ఒకటైన ఎల్24బి లేని మొక్కలో పువ్వు అండాశయం కురచబడుతుంది. ఎట్టిన్ చెడిన మొక్కలోనూ అలాంటి లోపమే.

పోలిక ఒక్కటీ రుజువు కాదు, ఒప్పుకుంటాను. అందుకే 2005 నాటి ప్రయోగం నాకు ముఖ్యం. చిట్టి సందేశాలు తీసేసిన ఎట్టిన్ జన్యువును ఎల్24బి లేని మొక్కలో పెడితే అండాశయం కొంతవరకు బాగుపడింది. మొక్కలోని రైబోజోమ్‌లు మాత్రం అవే, లోపమూ అదే. మొత్తంగా తయారీ మందగించడమే కారణమైతే, ఒక్క సందేశంలో ముందు ముక్క కోసేస్తే ఫలితం ఎలా మారింది?

సంబంధం అటునుంచీ ఉంది. ఆక్సిన్ టీఓఆర్ కైనేజ్‌ను ఉత్తేజపరుస్తుంది (కైనేజ్ అంటే ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్). దాని కింద పనిచేసే ఎస్6 కైనేజ్ రైబోజోమ్‌లోని ఎస్6 ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. హార్మోన్‌తో పని లేని ఇటుకకు ఈ మర్యాద దేనికి?

ఇంతా చెప్పాక, దీన్ని పట్టుకుని “ప్రతి కణజాలానికీ ప్రత్యేక రైబోజోమ్ ఉంటుంది” అని ఇంకో పోస్టు తయారుచేయకండి. ఎల్24బి కథకు అంత దూరం పోనక్కర్లేదు. ఉన్న రైబోజోమ్‌లలో ఒక ప్రోటీన్ తగ్గితే, దానిమీద ఎక్కువగా ఆధారపడిన సందేశాలు ముందు దెబ్బతింటాయి.