బాకీ లేని పాపానికి మైనస్ ఒకటి

ఎవరికీ పైసా బాకీ లేకుండా బతుకుతున్న మనిషికి ఈ దేశంలో ఎన్ని మార్కులు పడతాయో తెలుసా? సున్నా కూడా కాదు, మైనస్ ఒకటి. బ్యాంకులు అప్పిచ్చే ముందు చూసే, 300 నుంచి 900 దాకా సాగే సిబిల్ స్కోరులో, అప్పు తీసుకుని ఎగ్గొట్టిన వాడికి కూడా మూడు వందలకు తగ్గకుండా ఒక గౌరవస్థానం ఉంది గాని, బ్యాంకు గడప తొక్కి ఎన్నడూ అప్పడగని వారికి అందులో చోటే లేదు. వారి పేరెదుట మైనస్ ఒకటి వేసి, అప్పుల చరిత్ర లేని వారని తేల్చేస్తారు. 2000లో మొదలైన సిబిల్‌కు తోడు, 2005 నాటి చట్టం అండతో మరో మూడు క్రెడిట్ బ్యూరోలు కూడా ఇదే పని చేస్తున్నాయి కనుక, మన పరపతిని నలుగురు వేర్వేరుగా లెక్కగట్టే సౌకర్యం కూడా ఏర్పడింది.

ఆంధ్రప్రదేశ్‌లో వితంతు పింఛను నెలకు 4,000 రూపాయలు. (తెలంగాణలో 2,016. ఆ పైనున్న పదహారు శుభసూచకం కాబోలు.) అది అందాలంటే తాను పేదరాలినని ఆరంచెల్లో రుజువు చేసుకోవాలి. పల్లెలో అయితే ఇంటిల్లిపాది ఆదాయం నెలకు పది వేలు దాటకూడదు, మాగాణి మూడెకరాలు మించకూడదు, కారు ఉండకూడదు, కరెంటు మూడు వందల యూనిట్లు మించి కాలకూడదు, ఇంట్లో సర్కారు ఉద్యోగి గాని ఆదాయపు పన్ను కట్టేవాడు గాని ఉండకూడదు. ఈ పరీక్షలో గ్రామ సచివాలయంలో దివ్యంగా నెగ్గిన మనిషి, అవే కాగితాలు పట్టుకుని బ్యాంకుకు వెళితే అక్కడా ప్రశ్నలు అవే, నెగ్గే జవాబులు మాత్రం తలకిందులు: ఆదాయం ఎంత, పొలం ఎంత, పన్ను రిటర్నులు ఏవి, హామీ పడే ఉద్యోగి ఎవరు?

ఇటీవల ఒక మండల కేంద్రంలోని బ్యాంకులో ఈ శాస్త్రం ఆచరణలో చూసే భాగ్యం కలిగింది. జాకెట్లు కుట్టుకుని, వితంతు పింఛనుతో బతికే ఒకావిడ, మోకాళ్లు పట్టేసి కాలి మిషను తొక్కలేక, మోటారు మిషను కొనుక్కోవడానికి పదిహేను వేలు అప్పు అడగడానికి వచ్చింది.

"అమ్మా, ఇంతకుముందు ఏ బ్యాంకులోనూ లోను తీసుకోలేదా?" అన్నాడు బ్యాంకు అధికారి.

"లేదండీ. ఎవరికీ ఒక్క రూపాయి బాకీ లేను," అందావిడ, కాస్త గర్వంగానే. అది నేరాంగీకారమని ఆమెకెలా తెలుస్తుంది?

"అదేనమ్మా చిక్కు. ముందు ఏదైనా చిన్న లోను తీసుకుని సక్రమంగా కడితే స్కోరు వస్తుంది. స్కోరు వచ్చాక మేమిస్తాం."

"ఆ చిన్నది ఎవరిస్తారండీ?"

"స్కోరుంటే ఎవరైనా ఇస్తారమ్మా."

పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు. ఇంతటితో ఆగితే ఆయన సామాన్య అధికారి అయ్యేవాడు. క్రెడిట్ కార్డు తీసుకుని, పరిమితిలో ముప్పై శాతానికి మించకుండా వాడుకోమని సలహా కూడా ఇచ్చాడు. కార్డుకు ఏం కావాలని ఆమె అడిగితే, ఫిక్స్‌డ్ డిపాజిట్ పెడితే చాలన్నాడు. అనగా పదిహేను వేలు అప్పు కావలసిన మనిషి ముందుగా ఆ పదిహేను వేలూ తెచ్చి బ్యాంకుకు అప్పివ్వాలి.

జన్‌ధన్ ఖాతా మీద పది వేల దాకా ఓవర్‌డ్రాఫ్ట్ ఉంది కదా అని గుర్తుచేశాను. ఉందన్నాడు, ఖాతాలో లావాదేవీలు సక్రమంగా నడవాలన్నాడు. ఆమె పింఛను ప్రతి ఒకటో తారీఖున తెల్లవారుతూనే సచివాలయ ఉద్యోగి ఇంటికొచ్చి చేతిలో పెట్టి వెళతాడు, కాబట్టి ఖాతా నిద్రపోతోంది. గడప దాకా వచ్చే సర్కారు సొమ్ము బ్యాంకు కంటికి ఆనదు. తొలిసారి అప్పు అడిగేవారిని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపకూడదని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో చెప్పిందనీ, అదే సంగతి ఆగస్టులో ఆర్థిక శాఖ పార్లమెంటుకు విన్నవించిందనీ అన్నాను. "అది నిజమేనండీ, మా సిస్టమ్ తీసుకోదు," అన్నాడు ఎంతో మర్యాదగా. డ్వాక్రా ఉందిగా అనే మేధావులకు ఒక మాట: వాయిదా తప్పితే పది మందీ మోయాల్సి వస్తుందని ఒంటరి మనిషిని చేర్చుకోవడానికి జంకే సంఘాలూ ఉన్నాయి.

ఆవిడకు చరిత్ర లేదట! మొగుడు చేసి పోయిన చేబదుళ్లను, ఒక్కరూ నోటు చూపించకపోయినా, కుట్టుకూలి డబ్బుతో ఒక్కొక్కటిగా తీర్చిన మనిషి ఆవిడ. కిరాణా కొట్టు పద్దు పుస్తకంలో ఆమె పేజీ నిండా కొట్టివేతలే, ఏ నెలదానికి ఆ నెల. చీటీలో ఒక్క వాయిదా తప్పలేదు. ఇంతకు మించిన పరపతి ఏ పారిశ్రామికవేత్తకుందో చూపించండి. ఈ లెక్కలేవీ చూడకుండా, చూడవలసిన అవసరం కూడా ఉందనుకోకుండా, ఆమె నిజాయితీకి మైనస్ గుర్తు పెట్టిన వాళ్లకు సిగ్గుండాలి.

చివరికి ఆమెకు అప్పు పుట్టింది. వీధి మొగలో స్కూటరు మీద కూర్చునే ఫైనాన్సు వ్యాపారి స్కోరు అడగలేదు, రిటర్నులు అడగలేదు. "పింఛను ఒకటో తారీఖునేగా అక్కా?" అని మాత్రం అడిగి, ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టించుకుని, పది రూపాయల వడ్డీకి పదిహేను వేలు లెక్కపెట్టి ఇచ్చాడు. బ్యాంకు కంటికి ఆనని ఆ పింఛనే అతనికి తిరుగులేని హామీ. నెలకు 1,500, ఏడాదికి 18,000 వడ్డీకే పోతుంది. అసలు పదిహేను వేలూ చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది. సచివాలయ ఉద్యోగి అటు వెళ్లగానే స్కూటరు ఇటు వస్తుంది. ఆమె ఒక్క నెలైనా ఆలస్యం చేయదని నాకూ తెలుసు, అతనికీ తెలుసు; ఆ నలుగురు లెక్కగాళ్లకు మాత్రం ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే స్కూటరు డిక్కీలోని చిట్టా ఏ బ్యూరోకూ చేరదు.