అషా పాటలో ‘సోల్’ ఎక్కడిది?

నైజీరియా గాయని అషా ఆల్బమ్ వచ్చిందంటే చాలు, సమీక్షల్లో ‘సోల్‌ఫుల్’ అనే మాట ఖాయం. కాస్త జీర పలికే గొంతు, పక్కన గిటార్, తొందరలేని లయ. ఇవి వినగానే విమర్శకులు ఆమెను ‘సోల్’ అనే అమెరికన్ నల్లజాతి సంగీతం పాడే గాయనుల వరసలో కూర్చోబెట్టేస్తారు. అది పూర్తిగా తప్పనడానికి లేదు. వాళ్ల నాన్న పోగేసిన రికార్డుల్లో మార్విన్ గేయ్, అరీథా ఫ్రాంక్లిన్ ఉన్నారు. కానీ వాటితో పాటే నైజీరియా గాయకులు ఫెలా కుటీ, సన్నీ అడే, ఎబెనెజర్ ఒబే రికార్డులూ ఉన్నాయి. సమీక్షలు రాసేవాళ్లకు మొదటి ఇద్దరే గుర్తుంటారు. నాకు మాత్రం ఆమె పాటల్లో మనసును పట్టుకునేవి నైరుతి నైజీరియా భాష యోరుబాలో పాడినవే అనిపిస్తుంది. ఆ పట్టు గొంతులోని జీర వల్ల వచ్చింది కాదు, ఆ భాష నడక వల్ల వచ్చింది.

అషా అసలు పేరు బుకోలా ఎలెమిదే. 1982లో పారిస్‌లో పుట్టింది, చిన్నప్పుడే కుటుంబం లేగోస్‌కు తిరిగి వచ్చేసింది. 2007లో తన పేరుతోనే తొలి ఆల్బమ్ తెచ్చింది. సంగీత దర్శకుడు కోబమ్స్ అసుక్వో, చూపు లేని మనిషి. మరుసటి ఏడాది ఆ ఆల్బమ్‌కు ఫ్రాన్స్‌లో కాన్‌స్టాంటిన్ పురస్కారం దక్కింది. బయటి ప్రపంచం ఆమెను గుర్తుపట్టింది ‘జైలర్’, ‘ఫైర్ ఆన్ ద మౌంటెన్’ అనే ఇంగ్లిష్ పాటలతో. మంచి పాటలే. అయితే అదే ఆల్బమ్‌లో ‘ఎయె అదబ’ అని ఒక యోరుబా పాట ఉంది. తెల్లవారింది, మంచి కనబడింది అంటూ పైన ఎగిరే పావురాన్ని తన మీద వచ్చి వాలమని పిలుస్తుంది. అందులో వాయిద్యాలు తక్కువ, మాటలూ తక్కువే. ‘జైలర్’ విన్నాక తల ఊపుతాం. ఇది విన్నాక కాసేపు ఏమీ మాట్లాడబుద్ధి కాదు.

ఎందుకని? యోరుబా స్వరస్థాయిల మీద నడిచే భాష. ప్రతి అక్షరానికీ ఎత్తు, మధ్యమం, దిగువ అనే మూడు స్థాయిల్లో ఒకటి ఉంటుంది. స్థాయి మారితే మాటే మారిపోతుంది. ఆమె రంగస్థల పేరే చూడండి. చివరి అక్షరాన్ని పైకి ఎత్తి పలికితే డేగ, కిందికి దించితే ఆచారం. కాబట్టి యోరుబాలో పాట కట్టేవాడికి బాణీ మీద పూర్తి స్వేచ్ఛ ఉండదు. మాటలు ఎంచుకున్నప్పుడే సగం బాణీ ఖరారై ఉంటుంది. మాట్లాడే తీరుకూ పాడే తీరుకూ మధ్య దూరం చాలా తక్కువ. డుండున్ అనే డోలు మనిషి మాటను అనుకరించగలుగుతున్నదీ అందుకే. తాళ్లను నొక్కుతూ, వదులుతూ స్థాయిని మారుస్తారు, వినేవాళ్లకు సామెతలూ పొగడ్తలూ అర్థమవుతాయి.

మన సినిమా పాట సంగతి వేరు. సంగీత దర్శకుడు ముందు ట్యూన్ ఇస్తాడు, రచయిత దాంట్లో మాటలు కూర్చుతాడు. స్వరం పైకి పోయినా కిందికి వచ్చినా తెలుగు మాటకు అర్థం మారదు కనుక మనకు ఇది చెల్లుతుంది. యోరుబాలో ఇదే పని చేస్తే ఏమవుతుందో పందొమ్మిదో శతాబ్దపు మిషనరీలు చేసి చూపించారు. ఇంగ్లిష్ కీర్తనల బాణీలను అలాగే ఉంచి కింద యోరుబా అనువాదం పెట్టారు. స్థాయిలు తలకిందులై భక్తి పాటల్లో మాటలు వేరే అర్థాలు పలికాయి. దీనికి విరుగుడుగా స్థానిక బాణీల్లో కీర్తనలు కట్టిన వాళ్లలో జోసయ్య రాన్సమ్-కుటీ అనే పాస్టర్ ముఖ్యుడు. 1922లో లండన్‌లో జోనోఫోన్ కంపెనీకి ఆయన తన కీర్తనలు రికార్డు చేశాడు. ఫెలా కుటీకి ఆయన సొంత తాత. తాత చర్చిలో చేసిన పనికీ, మనవడు నైట్‌క్లబ్‌లో చేసిన పనికీ పైకి పొంతన కనబడదు గానీ, నైజీరియా పాటను ఇంగ్లిష్ బాణీ కింద నుంచి బయటికి లాగడమనే పని ఇద్దరిదీ.

అషా ఆ వారసత్వంలో మనిషి అని నా వాదన. అయితే ఈ వాదనను ఎక్కువ సాగదీయకూడదు. ఆధునిక యోరుబా పాటలో బాణీ ప్రతి అక్షరానికీ కట్టుబడదు. సందర్భం బట్టి శ్రోత అర్థం చేసుకుంటాడు. ఇంకో గట్టి అభ్యంతరం ఇబేయి నుంచి వస్తుంది. వీళ్లు ఫ్రాన్స్‌లో ఉండే క్యూబా మూలాల కవల అక్కచెల్లెళ్లు. తండ్రి అంగా డియాజ్ బ్యూనా విస్టా సోషల్ క్లబ్ అనే క్యూబా సంగీత బృందంలో తాళవాద్య కళాకారుడు. 2015 నాటి వీళ్ల తొలి ఆల్బమ్ ఎలెగ్వా అనే దేవత ప్రార్థనతో మొదలవుతుంది. బానిస ఓడల్లో క్యూబాకు చేరిన యోరుబా అక్కడ పూజల్లో మిగిలింది గానీ స్వరస్థాయిలను పోగొట్టుకుంది. మరి ఆ పాటల్లో గుండెను తాకేది ఏమిటి? అక్కడ పని చేసేది భాష నడక కాదు, తరతరాలుగా మరిచిపోకుండా పట్టుకున్న జపం. రెండిటినీ ఒకే ‘సోల్‌ఫుల్’ ముద్ర కింద వేయడమే నాకు నచ్చనిది. ఒకటి మాటలోంచి పుట్టిన రాగం, ఇంకొకటి మాట చచ్చిపోయాక కూడా మిగిలిన రాగం.

యోరుబా పాటకు బయట మార్కెట్ లేదనే అనుమానం పాతదే. జమైకా రెగే గాయకుడు బాబ్ మార్లీ 1981లో చనిపోయాక ఐలండ్ రికార్డ్స్ అనే కంపెనీ ఆయన స్థానంలో నిలబడగల మనిషి కోసం చూస్తూ 1982లో సన్నీ అడేతో ఒప్పందం చేసుకుంది. మూడు ఆల్బములు వచ్చాయి. మధ్యలో గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది. తర్వాత దారులు వేరయ్యాయి. అప్పటికే నాలుగైదు గిటార్లు, డోళ్లు కలిసి యోరుబాలో కబుర్లాడుకునే ఆ సంగీతానికి స్వదేశంలో జనం కొదవ లేదు, ఆయన ఇంటికెళ్లి హాయిగా వాయించుకున్నాడు. నలభై ఏళ్ల తర్వాత, 2022లో, నైజీరియా గాయకుడు అసాకే, ఫూజీ అనే యోరుబా సంగీత శైలిలోని బృందగానాన్ని తన తొలి ఆల్బమ్‌లో నింపి, ఎక్కువగా యోరుబాలోనే పాడి లండన్ హాళ్లు నింపాడు. భాష అడ్డమనే మాట ఇక చెల్లదు.

అదే ఏడాది ఫిబ్రవరిలో అషా ఐదో ఆల్బమ్ ‘వి’ వచ్చింది. లేగోస్ కుర్రకారు సంగీతం కట్టే పి.ప్రైమ్‌తో చేసింది, నైజీరియా పాప్ గాయకుడు విజ్‌కిడ్ కూడా ఒక పాటలో పాడాడు. వినడానికి చల్లగా, తేలిగ్గా ఉంటుంది. ‘ఓషన్’ లాంటి పాటకు నేనూ అభిమానినే. కానీ పైచేయి ఇంగ్లిష్‌దే. బీట్ ముందు పరిచి దాని మీద మాటలు పేర్చినట్టు వినిపిస్తుంది. అంటే మన సినిమా పద్ధతే. వీధి పాటల అసాకే యోరుబాతో స్టేడియం వైపు నడుస్తున్న కాలంలో, ఆ భాషలో అంత నెమ్మదిగా, అంత ఒంటరిగా పాడగలిగిన గాయని ఇంగ్లిష్ వైపు జరగడం నాకు కొంచెం వింతగానే ఉంది. ఒక ఆల్బమ్ మొత్తం యోరుబాలో, గిటార్ ఒక్కటే పెట్టుకుని చేయమని ఆమెను ఏ కంపెనీ అయినా అడిగిందో లేదో గానీ, ఇప్పుడు అడిగితే నష్టపోదు.