మహారాజశ్రీ పదిహేను కిలోల హద్దు గారికి

వలసరవాక్కం, చెన్నై.
ఆదివారం. పెట్టె ఇంకా విప్పలేదు.

మహారాజశ్రీ పదిహేను కిలోల విమాన లగేజీ హద్దు గారి దివ్య సముఖమునకు, అండమాన్ అల్లుళ్ళందరి తరఫునా ఒక అల్లుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. అంటే తమరు కుశలం, మాకు నడుము పట్టేసింది.

15.6. నిన్న పొద్దున పోర్ట్‌బ్లెయిర్‌లో కౌంటరు పక్కన ఎర్ర అంకెల్లో తమరు వెలిగించిన సంఖ్య ఇది. హద్దు దాటింది ఆరు వందల గ్రాములు. పీచు ఒలిచిన ముదురు కొబ్బరికాయ ఒకటి ఇంచుమించు అంతే తూగుతుంది. దానికి తమరు కట్టమన్నది నిండు కిలో డబ్బు. ఆ సొమ్ము పట్టుకుని కోయంబేడు మార్కెట్టుకి వెళ్తే బోలెడు కాయలు బేరమాడకుండానే సంచిలో వేస్తారు.

తమరికి లెక్కలే తప్ప లోకం తెలియదు కాబట్టి చెప్పాల్సి వస్తోంది. అది వంటలోకి తెచ్చుకున్న కాయ కాదు. ఆడపిల్ల పుట్టింటి గడప దాటేముందు బొట్టు పెట్టి, పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్క, రెండు అరటిపళ్ళతో పాటు చేతిలో పెట్టే కాయ. వద్దనకూడదు, దారిలో వదిలెయ్యకూడదు, కౌంటరు దగ్గర చెత్తబుట్టలో అసలే వెయ్యకూడదు. పైగా దాని ముహూర్తం ఎప్పుడో తెలుసా? పెట్టె తూచి, జిప్పు లాగి, తాళం పెట్టి, గుమ్మంలో ఆటో హారన్ కొడుతుండగా. "ఒక్క కాయే కదా బాబూ, ఏటవుతాది?" అంటారు అత్తగారు. శ్రీకాకుళం నుంచి దీవికి చేరిన కుటుంబాల్లో రెండు తరాలు మారినా, బజార్లో హిందీయే నడుస్తున్నా, ఆ "ఏటవుతాది" మాత్రం చెక్కుచెదరలేదు. ఏమవుతుందో తమరు చూపించారు.

పోనీ, కాయని చేతిసంచిలోకి మారుద్దామా? కుదరదు. కొబ్బరికాయకి క్యాబిన్‌లోకి ప్రవేశం లేదు. శబరిమల స్వాముల ఇరుముడికి మినహాయింపు ఇచ్చారు, అదీ ఆ యాత్రా కాలం దాకానే, 2024 అక్టోబరులో ఇచ్చింది 2025 జనవరి 20తో సరి. అత్తారింటి నుంచి తిరిగొచ్చే అల్లుడు ఏ మాల వేసుకుంటే అది వర్తిస్తుందో ఎవరూ సెలవియ్యలేదు. చిల్లు పొడిచి నీళ్ళు పారబోస్తే ఓ వంద గ్రాములు తగ్గుతాయి గానీ, చిల్లు పడ్డ కాయ శుభానికి పనికిరాదు, మర్నాటికి పులుస్తుంది కూడా. ఎండబెట్టి కురిడీ చేసి తెద్దామంటే అది ఇంకా పెద్ద నేరం. ఎండుకొబ్బరిలో అరవై శాతం పైన నూనే. తనంతట తానే వేడెక్కి రాజుకోగల సరుకని దాన్ని ప్రమాదకర వస్తువుల పట్టికలో 4.2 తరగతి కింద, 1363 నంబరు వేసి కూర్చోబెట్టారు. చేతిసంచిలోకీ రాదు, పెట్టెలోకీ రాదు.

కాబట్టి కాయ పెట్టెలోనే ఉండాలి, ఇంకేదో బయటికి రావాలి. మా ఆవిడ పెట్టెలో సర్దుదామంటే అది 14.9. ఆవిడ పెట్టె ఎప్పుడూ 14.9 ఉంటుంది, ఎలాగో అడక్కూడదు. రొయ్యల పచ్చడి తీద్దామంటే, నూనె తేలే సీసాని తనిఖీ దగ్గర పక్కన పెట్టేస్తే మన మొర ఆలకించేవాడుండడు. ఇక మిగిలినవి ఎండుచేపలు.

తమరు అంకెలే చూస్తారు గానీ ఆ దృశ్యం చూడరు. వెనకాల ముప్పైమంది. నేల మీద పెట్టె రెండు చెక్కలుగా తెరుచుకుని ఉంటుంది, మోకాళ్ళ మీద ఇంటి అల్లుడు. పైన చీరలు, చీరల కింద లుంగీ, లుంగీలో చుట్టిన నెత్తళ్ళ పొట్లం. పాత క్యాలెండరు కాగితం ఒక పొర, పాలిథిన్ సంచి రెండో పొర, పైన చిల్లర కొట్టు రబ్బరు బ్యాండు. రబ్బరు బ్యాండు తెగుతుంది. అది తెగడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు దానికి. పల్చటి పాలిథిన్ నీళ్ళని ఆపుతుంది గానీ చేపల వాసనని ఆపలేదు, మూత బిగుసుకునే స్టీలు డబ్బా అయితే ఆపుతుంది. స్టీలు డబ్బా అర కిలో. ఆ అర కిలో కోసమే కదా డబ్బా మానేసి కాగితంలో చుట్టింది! అలా ఆ పొట్లం చేతిసంచిలోకి, చేతిసంచి సీటు మీది అరలోకి, ఆ అర కింద రెండు గంటల పది నిమిషాల పాటు మనమూ, మనల్ని ఏమీ అనలేని పక్క సీటాయనా.

ఇంకో మాట. ఆ పెట్టె ముందురోజు రాత్రి సరిగ్గానే తూగింది. ఉప్పు చేప గాలిలో ఊరికే ఉండదు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీళ్ళు పీల్చుకుంటుంది, దీవిలో తేమ తరచూ అంతకు మించే ఉంటుంది. మూత లేని పళ్ళెంలో రాత్రంతా ఉంచిన రెండు కిలోల సావడ చేపలు పొద్దుటికి మెత్తబడతాయి, మెత్తబడినవి బరువెక్కుతాయి. సముద్రంలో ముంచి తెచ్చి మూల పడేసిన తువ్వాలు సంగతి సరేసరి: అర కిలో నూలు తువ్వాలు సగం ఆరినా ముప్పావు కిలో. బూట్లలో ఇసుక వేరు. చుట్టూ నీళ్ళున్న చోట నీళ్ళకీ బరువు కడుతున్నాం, తమరి దయ.

ఇక తమరి పేరు దగ్గరికే వస్తాను. పదిహేను. ఎక్కడిది పదిహేను? టీనగర్‌లో కొన్న ఇరవై నాలుగంగుళాల గట్టి పెట్టె ఖాళీదే నాలుగు కిలోలు. చక్రాలు, లాగే కడ్డీ, లోపలి అట్ట, అన్నీ నా ఖాతాలోనే రాస్తావు. మిగిలింది పదకొండు. అందులో పెళ్ళికో పేరంటానికో తీసుకెళ్ళిన పట్టుచీర ముప్పావు కిలో, జీన్సు ప్యాంటు ఒక్కోటీ ఆరేడు వందల గ్రాములు, చెప్పుల జత అర కిలో. అన్నీ పోగా అత్తగారి ప్రేమకి నువ్వు మిగిల్చింది ఆరు కిలోలు. ఆరు! ఏడాదికొకసారి కూతుర్ని చూసే తల్లిని ఆరు కిలోల్లో సర్దుకోమనడానికి నువ్వెవడివి? పొట్ట ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే టికెట్టు అమ్మి, నా ఎనభై రెండు కిలోలని ఒక్క మాటనకుండా లోపలికి పంపించి, కొబ్బరికాయని పట్టుకుని ఆపుతావా? అదే కాయ నేను అక్కడే కొట్టి తినేస్తే బరువు లేనట్టేనా? కడుపులో ఉంటే ఉచితం, పెట్టెలో ఉంటే కిలో రేటు! సిగ్గుండాలి.

క్షమించాలి. ఏకవచనంలోకి దిగాను.

వెళ్ళేటప్పుడూ తమరు మర్యాదగా ఏమీ లేరు. దీవికి సరుకు చాలావరకు ఓడలోనే వెళ్ళాలి, ఓడ ఆలస్యమైతే టమాటా మొహం కనపడదు. అందుకని మీనంబాక్కం విమానాశ్రయంలో మన పెట్టెలో చింతపండు, ఎండుమిర్చి, మినపగుళ్ళు, సౌకార్‌పేట మసాలాలు, ఆవకాయ. ఆవకాయ సీసాకి టేపు చుట్టినంత మాత్రాన ఆగదు. విమానం పైకెళ్ళాక లోపలి గాలి ఒత్తిడి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంతకి పడిపోతుంది. మూత కింద చిక్కుకున్న గాలి మూడో వంతు దాకా ఉబ్బి, నూనెని మర సందుల్లోంచి బయటికి తోస్తుంది. తెల్ల చొక్కా ఎప్పుడూ సీసా పక్కనే ఉంటుంది. ముక్కలూ పిండీ కలిపిన ముద్దని గాలి లేకుండా కవర్లో కట్టి తీసుకెళ్ళి, నూనె అక్కడ పోసుకోవడం మేలు. కారదు, కిలో పచ్చడి మీద పావు కిలో దాకా కలిసొస్తుంది. ఈ ఉపాయం అత్తగారికి మాత్రం చెప్పకూడదు. మిగిలిన పావు కిలోకి ఇంకేమైనా తెమ్మంటారు.

వచ్చేటప్పుడు మోసుకొచ్చేదేమిటి? కాశిమేడులో కుప్పలు పోసి అమ్మే నెత్తళ్ళు. కోయంబేడులో బస్తాలకొద్దీ ఉండే కొబ్బరికాయలు. పదమూడు వందల పైచిలుకు కిలోమీటర్ల సముద్రం దాటించి, బంగాళాఖాతానికి ఆ ఒడ్డున పట్టిన చేపని ఈ ఒడ్డుకి విమానమెక్కించి తెస్తున్నాం. ఇందులో తెలివి ఎక్కడుందని తమరు అడగొచ్చు. అత్తగారు పెట్టిన పొట్లాన్ని తెలివితో కొలవరు, మహారాజా.

మరదలి పిల్లలు ముచ్చటపడి శంఖమో పగడపు ముక్కో జేబులో పెడతారు. బిల్లు లేనివి తీసి అక్కడే ఉంచి రావాలి, పగడం పట్టుబడితే 1972 వన్యప్రాణి చట్టం తమరిలా కిలో రేటుతో వదలదు. తమరి తమ్ముడు ఏడు కిలోల చేతిసంచి గారు కొన్ని రోజులు గుడ్డివారు, కొన్ని రోజులు డేగకళ్ళవారు, ఏ రోజు ఏదో వారికే తెలియదు. ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది, బోర్డింగ్ పాసు మీద విమానాశ్రయం కోడు ఐఎక్స్‌జెడ్ అలాగే ఉంది, అత్తగారింట్లో పోర్ట్‌బ్లేరూ అలాగే ఉంది. సూర్యుడు అక్కడ చెన్నై కంటే దాదాపు యాభై నిమిషాలు ముందే లేస్తాడు, ఆయనతో పాటు మావగారూ లేస్తారు, అల్లుడు లేచాడో లేదో గది బయట దగ్గి కనుక్కుంటారు. సెలవంటే ఇదే.

కొత్త అల్లుళ్ళెవరైనా ఈ ఉత్తరం పక్క నుంచి చదువుతుంటే వాళ్ళకోసం రెండు మాటలు. కొక్కెం తూకాన్ని నమ్మొచ్చు, కానీ పట్టీ తగిలించాక సున్నా చేసి, అప్పుడు ఎత్తాలి. చెయ్యి వణుకుతుండగా నిలిచిన అంకె అబద్ధం. మూడుసార్లు ఎత్తి మధ్య అంకె తీసుకోవాలి. మనుషులు నిలబడే తూకమైతే గచ్చు మీదే పెట్టాలి, చాప మీదో తివాచీ మీదో పెడితే తప్పు అంకె చూపించి కౌంటరు దగ్గర కొంప ముంచుతుంది. ముందు ఒట్టినే, తర్వాత పెట్టె పట్టుకుని నిలబడి తీసివేత. కౌంటరు దగ్గర పెట్టె పెట్టకముందే అంకె సున్నా ఉందో లేదో చూసుకోవాలి, పక్కవాళ్ళ సంచీ బెల్టు మీద ఆనుకుని ఉందేమో కూడా. హద్దుకి ఆరు వందల గ్రాములు తక్కువగా ఆపాలి. ఎందుకో పైన రాశాను.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. అత్తగారు రెండో గోనె సంచి తెరిచినప్పుడు, పెద్దమావగారు ఇంటి వెనక నుంచి అరటి గెల భుజాన వేసుకొచ్చినప్పుడు, పిన్నత్తగారు పీతల పులుసు డబ్బాకి మూత బిగిస్తున్నప్పుడు, "వద్దండీ" అనే హక్కు అల్లుడికి లేదు. అంటే వాళ్ళకి పౌరుషం, అనకపోతే మనకి నడుం నొప్పి. ఆ క్షణంలో "పదిహేనుకి మించి రానివ్వరండీ" అని తమరి పేరు చెప్తాం. అత్తగారు అల్లుణ్ణి ఏమీ అనరు. "ఆ దిక్కుమాలినోళ్ళు" అని తమర్నే తిడతారు. ఇన్నేళ్ళుగా మా బదులు ఆ తిట్లు తింటున్నందుకు తమరికి ఋణపడి ఉన్నాం.

ఆ చనువుతో ఒక చిన్న మనవి. ఈసారి హద్దు పన్నెండేనని చెప్పి వెళ్ళాం, అయినా 15.6 అయింది. వచ్చే సంక్రాంతికి పది అని చెప్పబోతున్నాం. అత్తగారికి అనుమానమొచ్చి ఎవరి చేతైనా ఫోన్ చేయించి అడిగిస్తే, దయచేసి పదే అనండి.

ఇట్లు,
ఆరు వందల గ్రాముల బాకీదారుడు