మంచి చీర కట్టుకోడానికి కారణం చెప్పాలా?

మామూలు రోజున మంచి బట్టలు వేసుకుంటే మన దగ్గర సంజాయిషీ ఇచ్చుకోవాలి. మంగళవారం పొద్దున ఇస్త్రీ చేసిన నారాయణపేట చీర కట్టుకుని లిఫ్టు ఎక్కి చూడండి. "ఏంటండీ, ఇవాళ స్పెషల్?" "పుట్టినరోజా?" "ఏదైనా ఫంక్షనా?" ఏమీ లేదండీ, ఊరికే కట్టుకున్నా అంటే నమ్మరు. ఏదో దాస్తున్నామన్నట్టు ఓ నవ్వు నవ్వుతారు. ఆఫీసులో కుర్రాడెవడైనా ఇన్‌షర్ట్ చేసుకుని వస్తే వాడి పని ఇంకా అన్యాయం. "ఏ కంపెనీలో ఇంటర్వ్యూ?" అని సాయంత్రం దాకా వాయిస్తారు. మర్నాడు వాడు బుద్ధిగా టీషర్టులోకి వచ్చేస్తాడు.

పోనీ సాదాగా ఉంటే వదులుతారా? "అలా వచ్చేశావేంటమ్మా, చెవులకి ఏమైనా పెట్టుకోవచ్చుగా" అనే పెద్దమ్మ ప్రతి చుట్టరికంలోనూ ఉంటుంది.

నా మాట సూటిగా చెప్పేస్తాను. మనం బట్టల మీద పెట్టే డబ్బులో ఎక్కువ భాగం ఏడాదిలో వచ్చే నాలుగు ఫంక్షన్లకే పోతోంది. మిగతా రోజులన్నీ వెలిసిపోయినవీ, సాగిపోయినవీ వేసుకుని గడిపేస్తున్నాం. ఇది తలకిందుల లెక్క. మంచివి రోజూ కట్టుకోవాలి. ఫంక్షన్లకి ఉన్నవాటితో వెళ్ళాలి.

మన ఇళ్ళల్లో బట్ట జీవితం ఎలా సాగుతుందో చూడండి. కొన్న రోజున అది పెళ్ళిళ్ళకి. చుట్టాలందరూ ఫోటోల్లో చూసేశాక పేరంటాలకి. తర్వాత ఆఫీసుకి. రంగు దిగాక ఇంట్లోకి. చంక దగ్గర చిరిగాక రాత్రి పడుకునేటప్పటికి. ఆపైన వంటింట్లో మసిగుడ్డ, చివరికి బండి తుడిచే గుడ్డ. ఏడాదికోసారి కనిపించే దూరపు బంధువుకి మొదటి మెట్టు చూపిస్తాం. రోజూ కలిసి అన్నం తినేవాళ్ళకి మసిగుడ్డకి ఒక్క మెట్టు పైనున్నది చూపిస్తాం. మగవాళ్ళయితే మరీను. సిమెంటు కంపెనీ వాళ్ళో, పురుగుమందుల వాళ్ళో ఊరికే ఇచ్చిన టీషర్టు, మోకాలి దగ్గర ఉబ్బిపోయిన ట్రాక్ ప్యాంటు. ఇంట్లో ఎవరు చూస్తారు అంటారు. మేం చూస్తున్నాం కదయ్యా!

నైటీ సంగతి కూడా చెప్పుకోవాలి, లేకపోతే కామెంట్లలో మీరే ఎత్తుతారు. నైటీకి నేను వ్యతిరేకం కాదు. మే నెలలో పొయ్యి దగ్గర నిలబడేవాళ్ళకి దాని విలువ తెలుసు. పాలవాడు బెల్లు కొడితే పైన ఓ తువ్వాలు వేసుకుని తలుపు తీయడం మనం కనిపెట్టిన యూనిఫారం. కానీ దాన్ని తిట్టేవాళ్ళ ధోరణి చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది. 2018లో పశ్చిమగోదావరి జిల్లా తోకలపల్లిలో ఊరిపెద్దలు ఏం చేశారో గుర్తుందా? పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా ఆడవాళ్ళు నైటీతో బయట కనిపిస్తే 2,000 రూపాయలు జరిమానా అన్నారు. పట్టిచ్చినవాళ్ళకి 1,000 రూపాయల బహుమతి కూడా! వార్త పేపర్లకెక్కాక అధికారులు ఆ ఊరికి వెళ్ళాల్సి వచ్చింది. లుంగీ ఎగ్గట్టి, చొక్కా లేకుండా అరుగు మీద కూర్చునే మగవాళ్ళకి జరిమానా ఎంతో ఎక్కడా చదవలేదు. నేను మంచి బట్టలు కట్టుకోమంటున్నది ఇలాంటి పెద్దల కోసం కానే కాదు.

అసలు ఏది ముస్తాబో, ఏది సాదాయో తేల్చేది ఎవరు? 2024 జులైలో బెంగళూరులో ఓ పెద్దాయన కొడుకుతో కలిసి సినిమా చూడ్డానికి మాల్‌కి వెళ్ళాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, తలపాగా. పంచెతో లోపలికి రానివ్వం, ప్యాంటు వేసుకుని రమ్మన్నారు. గొడవ పెద్దదయ్యి, ఆ మాల్‌ని వారం రోజులు మూయించాల్సి వచ్చింది. వార్తలన్నీ రైతుకి అవమానం అని రాశాయి, నిజమే. నాకు ఇంకోటి కూడా తట్టింది. మన పల్లెల్లో తెల్ల పంచె, తెల్ల చొక్కా అంటే ఊరికే వేసుకునేవా? పెట్టెలోంచి తీసి, ఊరికి వెళ్ళేటప్పుడు కట్టుకునేవి. సినిమాకి కాబట్టి ఆయన తన పద్ధతిలో ముస్తాబయ్యే వచ్చి ఉంటాడు. అదే గేటులోంచి చిరుగుల జీన్సు, నిక్కరు, హవాయి చెప్పులు హాయిగా లోపలికి పోతుంటాయి. చెన్నైలో 2014లో హైకోర్టు జడ్జినే పంచె కట్టాడని ఓ క్లబ్బులోకి రానివ్వకపోతే, తమిళనాడు ప్రభుత్వం అదే ఏడాది చట్టం చేసింది. పంచెకట్టుతో వైఎస్ ముఖ్యమంత్రిగా పనిచేసిన రాష్ట్రం మనది. అయినా మన కుర్రాళ్ళు పంచె కట్టాలంటే పెళ్ళిపీటలు ఎక్కాలి, లేదా తిరుమలలో కల్యాణం టికెట్ దొరకాలి. ఆ రోజుక్కూడా ఇప్పుడు వెల్క్రో పెట్టిన పంచెలు వచ్చేశాయి.

ఇక బీరువా దగ్గరికొద్దాం. దాచుకుంటే బట్ట భద్రంగా ఉంటుందన్నది పెద్ద భ్రమ. పట్టుచీరని ఏళ్ళ తరబడి ఒకే మడతలో పెడితే ఆ మడత వెంటే చిరుగుతుంది. జరీ నల్లబడుతుంది. కలరా ఉండల వాసన మాత్రం ఎన్నిసార్లు ఎండలో వేసినా పోదు. చివరికి "పాత పట్టుచీరలు కొంటాం" అని వీధిలోకి వచ్చినవాడికో, స్టీలు సామాను వాడికో వేసేస్తాం. పదిసార్లు కూడా కట్టని చీరకి బదులుగా ఓ స్టీలు డబ్బా!

గద్వాల చీర చూడండి. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. పట్టు అందం, నూలు సుఖం రెండూ ఒకే చీరలో. మంగళగిరి చీరలో ఒంటి మీద బుటాలు గట్రా ఏమీ ఉండవు, అంచే దాని అందం. ఉతకొచ్చు, కట్టొచ్చు. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి, సన్న నూలు వడికి నేస్తారు. అంత కష్టపడి నేసిన బట్టని మనం ఎప్పుడు తీస్తాం? ఆగస్టు 7న. 2015 నుంచి అది జాతీయ చేనేత దినోత్సవం కదా, ఆఫీసు గ్రూపులో ఫోటో పెట్టాలి. ఎనిమిదో తేదీన మళ్ళీ పాలిస్టర్. నేతన్న మాత్రం ఏడాదంతా అన్నం తినాలి.

"గంజి ఎవరు పెడతారు, ఇస్త్రీ ఎవరు చేస్తారు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మా నాన్నగారి చొక్కాలు మల్లెపూవుల్లా మెరిసేవి, వాటి వెనక మా అమ్మ ఆదివారాలన్నీ కరిగిపోయేవి. ఆ పద్ధతి మళ్ళీ రావాలని నేను అనడం లేదు. ఎవరి బట్టలు వాళ్ళు ఇస్త్రీ చేసుకోండి. లేదా కింద ఇస్త్రీ బండి అతనికి ఇవ్వండి, అతనికీ నాలుగు డబ్బులొస్తాయి. అయినా ప్రతి నూలుచీరకీ గంజి అక్కర్లేదు. నాలుగు ఉతుకులు పడి మెత్తబడిన చీర దులిపి ఆరేస్తే చాలు, బస్సులో సీటు దొరక్కపోయినా ఇబ్బంది పెట్టదు. మంచి బట్టలంటే పట్టూ నగలూ అనుకోకండి. శుభ్రమైనది, ఒంటికి సరిపోయింది, మీకు ఇష్టమైన రంగుది. అంతే.

డబ్బు మాటకొస్తే, ఒక్క పెళ్ళికి ఎంతవుతోందో లెక్కేయండి. హల్దీకి పసుపు రంగు, సంగీత్‌కి లెహంగా, ముహూర్తానికి పట్టుచీర, రిసెప్షన్‌కి ఇంకోటి. అదీ మన పెళ్ళి కాదు, ఆడపడుచు తోటికోడలి కూతురి పెళ్ళి! చీర కన్నా మగ్గం వర్కు జాకెట్టుకే ఎక్కువ అవుతోంది. ఆ జాకెట్టు వీపంతా పూసలు, కుర్చీలో ఆనుకోలేం, బరువుకి భోజనం బంతి పూర్తయ్యేలోపే మెడ లాగేస్తుంది. ఇంటికొచ్చి దాన్ని విప్పి, గుడ్డలో చుట్టి లోపల పెడతాం. వచ్చే పెళ్ళికి పనికిరాదు, ఫోటోల్లో పడిపోయింది కాబట్టి. ఆ ఒక్క జాకెట్టు ఖర్చుతో రోజూ కట్టుకునే నూలుచీరలు రెండు మూడు వస్తాయి.

మీ బీరువాల్లో ధర స్టిక్కరు కూడా తియ్యని చీరలు ఎన్నున్నాయో కింద రాయండి. మగవాళ్ళు నవ్వకండి, మీ రిసెప్షన్ సూటు సంగతీ చెప్పాలి. ఇప్పుడు పడుతుందో లేదో కూడా.