మహారాజశ్రీ డివిజన్ వన్ గారికి

అయ్యా,

అమెరికా కాలేజీ ఆటల్లో అన్నిటికన్నా పై మెట్టు తమరిది. అక్కడ బేస్‌బాల్ బ్యాటు పట్టిన ప్రతి కుర్రాడి ఇంట్లోనూ తమరికే పూజ. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో మనవాళ్ల ఫంక్షన్లో "బాబు ఏ కాలేజీకి ఆడతాడు?" అంటే తమరి పేరే చెప్పాలి. ఆడతాడా, బెంచీ కాస్తాడా అని అడిగే పాపాన ఎవరూ పోరు.

ముందు తమరి దానగుణం. 2024-25 దాకా జట్టుకి 11.7 స్కాలర్‌షిప్పులు, పంచుకునేవాళ్లు 32 మంది దాకా. తలా సగం కూడా రాదు. 2025-26 నుంచి కాలేజీ ఆటల కొత్త కోర్టు ఒప్పందంలో చేరిన కాలేజీలు జట్టులో అందరికీ ఇవ్వొచ్చు. ఇచ్చి తీరాలని మాత్రం లేదు. పైగా ఆ కాలేజీల్లో జట్టు 40 మంది నుంచి 34కి తగ్గింది. ట్రాన్స్‌ఫర్ పోర్టల్లోంచి, అంటే కాలేజీ మారే ఆటగాళ్ల జాబితాలోంచి, ఇరవై రెండేళ్ల షార్ట్‌స్టాప్ ఆటగాడు తయారుగా దొరుకుతుంటే, పద్దెనిమిదేళ్లవాణ్ణి పెంచే ఓపిక ఏ కోచ్‌కుంటుంది?

తమరి మెయిళ్లు మరీ ముద్దొస్తాయి. "నీ ఆట మాకు తెగ నచ్చింది" అని పైన, తమరి శిక్షణ క్యాంపు ఫీజు లింకు కింద. నిజంగా చూసినవాడు ఏ మ్యాచిలో ఏం చూశాడో రాస్తాడు. పదకొండో తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1 నుంచి కోచ్‌లు నేరుగా ఫోన్ చేయొచ్చు. మెయిళ్లే తప్ప ఫోన్ రాకపోతే, వాళ్లకి నచ్చింది నాన్న క్రెడిట్ కార్డు.

తమరి గుట్టంతా రోస్టర్ పేజీలో, అంటే జట్టు జాబితాలో ఉంది. మనవాడు ఆడే స్థానంలో ఎందరున్నారు, అందులో మొదటి రెండేళ్లవాళ్లెందరు, బయటి కాలేజీల నుంచి దిగినవాళ్లెందరు? పోయినేడు చేరిన ఫ్రెష్‌మెన్ (మొదటి ఏడాదివాళ్లు) పదిమందైతే ఈ ఏడు నలుగురే కనిపిస్తున్నారా? కోచ్ మాటల్లో ఎంత తేనె ఉన్నా లెక్క అదే. అరవై గజాల పరుగుకి 7.3 సెకన్లు తీసుకునే అవుట్‌ఫీల్డర్‌కి, విసిరిన బంతి గంటకి 82 మైళ్లు దాటని కుడిచేతి పిచ్చర్‌కి ఎన్ని క్యాంపు ఫీజులు కట్టినా తమరి తలుపు తెరుచుకోదు. అదే పిచ్చర్‌కి తమరి కింది మెట్టయిన డివిజన్ త్రీలో బంతి చేతికిచ్చే జట్లున్నాయి.

డివిజన్ త్రీ ఆటకి పైసా ఇవ్వదు, నిజమే. మార్కులకీ, ఇంటి ఆదాయాన్ని బట్టీ ఇస్తుంది. పరాయి రాష్ట్రంలో ఏడాదికి 50,000 డాలర్లయ్యే తమరి కాలేజీ పావు వంతు ఇస్తే ఇంటి మీద పడేది 37,500. చిన్న కాలేజీ 65,000 అని బోర్డు పెట్టి మార్కులకి 35,000 తగ్గిస్తే 30,000. మోచేయి పోయినా, మార్కులు నిలిస్తే ఆ సొమ్ము నిలుస్తుంది.

ఇక జూకో, అంటే రెండేళ్ల కాలేజీ. పేరు వింటేనే మనవాళ్లకి తలవంపులు. మేజర్ లీగ్ దిగ్గజం ఆల్బర్ట్ పుహోల్స్‌ని 1999లో డ్రాఫ్టులో ప్రొఫెషనల్ జట్టు ఎంచుకుంది అలాంటి మేపుల్ వుడ్స్ నుంచే, అదీ 13వ రౌండులో. చేరేముందు ఏ క్రెడిట్లు తర్వాతి కాలేజీకి చెల్లుతాయో అడిగితే చాలు. ఇంజనీరింగ్ కావాలంటే మాత్రం ఎక్కడైనా ఇంకో ప్రశ్న: మధ్యాహ్నం ల్యాబు, ప్రాక్టీసు ఒకే వేళకి పడితే కోచ్ ఏది వదలమంటాడు?

ఒక్క మనవి. ఇకమీదట ఎవరికైనా "ప్రిఫర్డ్ వాకాన్" (కోచ్ పిలిచి చేర్చుకునే ఆటగాడు) బిరుదు ప్రసాదించేటప్పుడు, డబ్బు సున్నా అనీ, ఆగస్టులో చేరినవాడు ఫిబ్రవరి సీజన్‌కి జట్టులో ఉంటాడన్న పూచీ లేదనీ ఆ కాగితం మీదే వేయించండి. సన్నక్షరాలైనా పర్వాలేదు, హెచ్1బి కాగితాలు చదివి చదివి మనవాళ్లు ఆరితేరారు.

ఇట్లు,
తమరి భక్తుల తరఫున