సకినాలను పసిగట్టే దివ్యదృష్టి

మాదాపూర్ వైపున్న ఒక పెద్ద మాల్‌లో, ఎక్స్‌రే యంత్రం ముందు కూర్చున్న సెక్యూరిటీ కుర్రవాడు మొన్న ఆదివారం సాయంత్రం ఒక పెద్దావిడ సంచిలోని సకినాల డబ్బాను రెప్పపాటులో కనిపెట్టాడు. ఆ తెరపై లోహం నీలంగానూ, తిండి పదార్థాలు నారింజ రంగులోనూ కనిపిస్తాయి. నీలి డబ్బాలో దొంతరగా పేర్చిన నారింజ చుట్టలను చూడగానే అతడు బెల్టు ఆపి, “సకినాలు కదమ్మా, లోపలికి అలో లేదు” అన్నాడు. “మనుమనికి తెచ్చిన బిడ్డా, సినిమాల ఆకలికి ఏడుస్తడు” అని ఆవిడ ఎంత మొత్తుకున్నా చట్టం తన పని తాను చేసుకుపోయింది. వాకీటాకీ మోగింది. సూపర్‌వైజర్ వచ్చి, మూత తీయించి, ఒక సకినాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి నిశితంగా పరిశీలించాడు. డబ్బాకు టోకెన్ కట్టించి, రిజిస్టరులో పేరు, ఫోన్ నంబరు రాయించి, సంతకం తీసుకున్నాడు. ఈ విచారణ సాగుతుండగానే బెల్టు మళ్లీ కదిలింది. వెనకనున్న బ్యాగులన్నీ ఒకదానిమీదొకటి ఎక్కి, తెర వంక ఎవరూ చూడకుండానే, క్షేమంగా అవతలి ఒడ్డుకు చేరుకున్నాయి.

ఈ చూపును శంకిస్తే శాస్త్రాన్ని శంకించినట్టే. 2005లో జెరెమీ వుల్ఫ్ బృందం ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో, వెతుకుతున్న వస్తువు సగం చిత్రాల్లో ఉన్నప్పుడు చూసేవారు దాన్ని 7 శాతం సార్లే వదిలేశారు; నూటికి ఒక్క చిత్రంలోనే ఉన్నప్పుడు 30 శాతం సార్లు వదిలేశారు. తరచూ దొరికేది కంటికి ఇట్టే ఆనుతుంది, ఎన్నడో గాని రానిది ఎదురుగా ఉన్నా జారిపోతుంది. ఆదివారం మాల్‌కు వచ్చే సంచుల్లో చిరుతిండికి కొదవ లేదు కనుక, సకినాల విషయంలో మన రక్షణ వ్యవస్థ అభేద్యమని ధైర్యంగా ప్రకటించవచ్చు. (పేలుడు పదార్థాలు కూడా చాలావరకు అదే నారింజ రంగులో కనిపిస్తాయి. అది వేరే శాఖ వ్యవహారం కాబోలు.)

విమానాశ్రయాల వారికి ఈ బలహీనత ఏనాడో తెలుసు. అందుకే అక్కడి యంత్రాలు అప్పుడప్పుడు నిజమైన బ్యాగు చిత్రంలో ఒక ఉత్తుత్తి తుపాకీనో, బాంబునో చొప్పించి, చూసేవారి కన్ను నిద్రపోకుండా కాపాడతాయి. ఐరోపా నిబంధనల ప్రకారమైతే, మామూలుగా ఎవరూ ఏకధాటిగా 20 నిమిషాలకు మించి తెర చూడకూడదు. ఆ తరువాత కనీసం 10 నిమిషాలు కంటికి విశ్రాంతి ఇవ్వాలి. మన కుర్రవాడు పొద్దున పదింటికి కూర్చుంటే రాత్రి పదింటికి లేస్తాడు. మధ్యలో భోజనానికి లేచినప్పుడు బెల్టు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన బాంబు పేలుళ్లలో ఈ హైదరాబాద్ నగరం ప్రాణాలు పోగొట్టుకుంది. సంచి తెరిచి చూపమంటే ఈనాటికీ మనం నోరెత్తకుండా చూపేది ఆ రోజులు గుర్తున్నందుకే. ఆ సహనాన్ని తీసుకుపోయి పాప్‌కార్న్ అమ్మకాలకు కాపలా పెట్టడానికి సిగ్గుండాలి! రేపు జరగరానిది జరిగితే, విచారణ నివేదికలో ‘సిబ్బంది నిర్లక్ష్యం’ అని రాసి, నెల జీతం ఇంటి అద్దెకే చాలని ఆ కుర్రవాణ్ణే బోనెక్కిస్తారు. పన్నెండు గంటల డ్యూటీ వేసినవాడి పేరు ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

అతడి పక్కన మరొకరిని కూర్చోబెట్టి వంతులవారీగా తెర చూడనివ్వరాదా అని సూపర్‌వైజర్‌ను అడిగితే, మనుషులు చాలడం లేదన్నాడు. జప్తు చేసిన తినుబండారాల కౌంటరు దగ్గర మాత్రం ఇద్దరున్నారు.